అరెస్టు వేళ నాలుగుంబావు

సోమవారం సాయంత్రం నాలుగూ పది ప్రాంతంలో విజయవాడ ఆటోనగర్‌లో స్టీఫెన్‌ని కాల్చేశారు.

లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య సన్నటి సందు అది. రేకుల మీద సుత్తి దెబ్బలు, గ్రైండర్ల రొద. సైలెన్సర్ ఉన్న పిస్టల్ పేలితే పక్క షెడ్డువాడికి కూడా వినపడదు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి బైకు దిగకుండానే మూడు రౌండ్లు కాల్చి, మలుపు తిరిగి మాయమయ్యాడు.

స్టీఫెన్ ఎనిమిది నెలలుగా అక్కడ పాత గేర్‌బాక్సులు అమ్ముతున్నాడు. అసలు ఉద్యోగం ఈస్ట్ కోస్ట్ సెల్‌లో ఇన్‌స్పెక్టరు. టెర్రరిస్టు కేసుల కోసం పెట్టిన ఆ సెల్‌కి బోర్డు లేదు, వెబ్‌సైటు లేదు.

అతన్ని కలవడానికి వచ్చిన డీఎస్పీ జోయెల్ అర నిమిషం ఆలస్యమయ్యాడు. రొయ్యల మేత కంపెనీ టోపీ, భుజాన శాంపిల్ సంచీ. ఆ వేషంలో అతను కృష్ణా జిల్లాలో ఏ చెరువు గట్టు మీదికైనా వెళ్ళగలడు. మోకాళ్ళ మీద కూలబడి స్టీఫెన్ తల ఒళ్ళోకి తీసుకున్నాడు. ఛాతీలో రెండు గుళ్ళు, గొంతు కింద ఒకటి. రక్తం వెచ్చగా ప్యాంటులోకి ఇంకుతోంది.

"ఏరేటర్లు తిరుగుతున్నాయా?" జోయెల్ అడిగాడు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాల పేరుతో, పన్నెండేళ్ళుగా ఇద్దరి మధ్యా అదే కోడ్. అన్నీ తిరుగుతున్నాయంటే క్షేమం. రెండు ఆగాయంటే ప్రమాదం.

"రెండు..." అన్నాడు స్టీఫెన్. మిగతా మాట నోట్లోంచి ఎర్రగా వచ్చింది. అంతే.

ఎదురు షెడ్డులోంచి వెల్డరొకడు నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పాతికేళ్ళుంటాయి. నుదుటి మీద వెల్డింగ్ అద్దం అలాగే ఉంది. సీసా మూత తీసేలోపల నల్ల స్కార్పియో ఒకటి సందులోకి దూసుకొచ్చింది. ఇద్దరు దిగి వెల్డర్ని మెడ పట్టి నేలకేసి కొట్టారు. సీసా దొర్లిపోయింది.

వెనక సీటులోంచి ఛాయాదేవి దిగింది. బూడిద రంగు మంగళగిరి చీర, నల్ల కళ్ళద్దాలు, మెడలో కోడిగుడ్డంత ముత్యాల లాకెట్. ఢిల్లీ నుంచి సెల్‌కి అరువు వచ్చిన ఇంటరాగేషన్ స్పెషలిస్టు. ఆవిడ నడిచి వస్తుంటే గ్రైండర్లు కూడా ఒక్క క్షణం ఆగాయి.

"సిద్ధార్థ. బ్లూ యాంకర్ ముఠాకి ట్యాంకర్‌లో రహస్య అర కట్టింది వీడే. ఎక్కించండి" అంది.

జోయెల్ గడియారం చూసుకున్నాడు. నాలుగుంబావు.

*

మంగళవారం ఉదయం పది గంటలు. గవర్నర్‌పేటలో ఒక కొరియర్ ఆఫీసు పైన రెండో అంతస్తు. సెల్ రీజినల్ హెడ్ బసవపున్నయ్య ఫ్యాను కింద కూర్చుని బ్రీఫింగ్ మొదలెట్టాడు.

"విను అబ్బాయ్. బ్లూ యాంకర్ నాయకుడు, ఆ కమడోర్‌గాడు, యూరప్‌లో జైల్లో ఉండి ఆరు నెలలైంది. వాణ్ణి మనకి అప్పగించాలా వద్దా అని అక్కడి కోర్టు ఇవాళ తేలుస్తుంది. మన టైములో మూడున్నరకి విచారణ మొదలు. ఈలోగా ఇక్కడ ఏదో పేల్చి మనల్ని బెదిరించాలని వాళ్ళ ప్లాను. ట్యాంకర్ రెడీ అని స్టీఫెన్ చెప్పాడు. ఎక్కడుందో చెప్పేలోపు పోయాడు."

"సిద్ధార్థ ఏమన్నాడు?"

"రాత్రంతా నోరు విప్పలేదంట. ఛాయాదేవి ఇప్పుడే ఫోన్ చేసింది. నువ్వెళ్ళు. స్టీఫెన్ నీ స్నేహితుడు. ఆ కోపం పనికొస్తుందంది ఆవిడ."

"వాణ్ణి అరెస్టు చూపించారా సార్?"

బసవపున్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఊళ్ళో బాంబు తిరుగుతుంటే కాగితాల గోలేంటయ్యా? ముందు ట్యాంకర్ దొరకనీ."

జోయెల్ టోపీ తీసుకుని లేచాడు. రాత్రే ప్యాంటు మార్చుకున్నాడు గాని, గోళ్ళ సందుల్లో స్టీఫెన్ రక్తం ఇంకా పోలేదు. నిజానికి అతనూ ఆ కోపంతోనే బయల్దేరాడు.

*

తోట్లవల్లూరు దాటాక కాలవ ఒడ్డున మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ. సున్నం రాలిన గోడలు, తుప్పు పట్టిన కంప్రెసర్. వాచ్‌మన్ శౌరయ్య గేటు తీశాడు. డెబ్భై దాటిన మనిషి, మెడలో జపమాల. జోయెల్ మొహంలోకి చూశాడు గాని నమస్కారం పెట్టలేదు.

ఫోన్లు బయటే వదిలేయాలన్నది లోపలి రూలు. ఐసు దిమ్మలు పేర్చే చల్లగదిలో సిద్ధార్థని ఇనప కుర్చీకి కట్టేశారు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి రెండుగా చీలింది. కుడిచేతి రెండు వేళ్ళు పక్కకు తిరిగిపోయి ఉన్నాయి. మూలన ఛాయాదేవి కాలు మీద కాలేసుకుని కూర్చుంది. చీర ఇస్త్రీ చెదరలేదు.

"నీ వంతు" అంది.

జోయెల్ ఇంకేమీ చూడలేదు. స్టీఫెన్ నోట్లోంచి వచ్చిన ఎర్రటి మాట ఒక్కటే కళ్ళముందు ఉంది. లాగి కొట్టాడు. సిద్ధార్థ తల పక్కకు విరుచుకుపడింది. పన్ను ఒకటి సిమెంటు మీద టిక్కుమంది. మళ్ళీ కొట్టాడు. ముక్కులోంచి రక్తం ధారకట్టింది.

"ట్యాంకర్ ఎక్కడ?"

సిద్ధార్థ ఏదో అనబోయాడు. "వినొద్దు. అబద్ధాలే. కానివ్వు" అంది ఛాయాదేవి.

అప్పుడు తెలిసింది జోయెల్‌కి, మణికట్టు సన్నగా వణుకుతోందని. అతని గడియారంలో సిగ్నల్ డిటెక్టర్ ఉంది. దగ్గర్లో ఏ పరికరం ప్రసారం చేసినా అది చర్మం మీద చీమలా కదులుతుంది. ఫోన్ లేని గదిలో ఏది ప్రసారం చేస్తోంది?

చెయ్యి దించాడు. వణుకు ఆగింది. మూలనున్న స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి సిద్ధార్థ పెదవికి ఆనించాడు. గడియారం నిశ్శబ్దంగా ఉంది. గ్లాసు కింద పెట్టి పిడికిలి ఎత్తాడు. ఛాయాదేవి వేళ్ళు లాకెట్ మీదికి వెళ్ళాయి. గడియారం వణికింది.

దెబ్బ కొట్టకుండానే చెయ్యి దించాడు. ఆవిడకి జవాబులు అక్కర్లేదు, దెబ్బలు కావాలి.

"నన్ను పది నిమిషాలు వీడితో వదిలేయండి" అన్నాడు మామూలుగా. "ఆడవాళ్ళ ముందు నాకు చెయ్యి సరిగ్గా రాదు."

ఆవిడ నవ్వింది. "పాతకాలం మనిషివి" అని బయటికి వెళ్ళింది.

జోయెల్ చేతిరుమాలు తడిపి సిద్ధార్థ కుడి కంటి మీద పెట్టాడు. వెల్డింగ్ మంట చూసిన కన్ను అది, నిప్పులా ఉంది. చల్లదనం తగలగానే పిల్లాడిలా వెక్కాడు.

"సార్... మీ ఫ్రెండుకి నీళ్ళిద్దామనే వచ్చానండీ."

"తెలుసు. నేనూ చూశాను." చూసి కూడా కొట్టాడు. "ట్యాంకర్ సంగతి చెప్పు."

"నిన్న సాయంత్రమే చెప్పేశాను కదండీ ఆ అమ్మగారికి! ఉయ్యూరు ఇవతల చెరుకు బళ్ళు ఆపుకునే ఖాళీ జాగా ఉంది. అక్కడ పెట్టి తాళం ఇచ్చేయమన్నారు, ఇచ్చేశాను. అర కట్టిన మాట నిజం సార్, డీజిల్ దొంగలేమో అనుకున్నా. తప్పే. కానీ అది ఎందుకూ పనికొచ్చే అర కాదండీ. మూత లోపలికి తెరుచుకోవాలన్నారు, పైన నీళ్ళు నిండితే ఇక ఊడదు. వైరు తియ్యడానికి చిల్లు కూడా వద్దన్నారు. పదేళ్ళ నుంచి బళ్ళు కడుతున్నాను సార్, ఇలాంటి తిక్క పని ఎవరూ చెప్పలా. అదే అడిగితే 'నీకెందుకు, కట్టవయ్యా' అన్నారు."

నిన్న సాయంత్రమే చెప్పాడు. రాత్రంతా నోరు విప్పలేదని ఆవిడ రిపోర్టు.

జోయెల్ వెనక తలుపులోంచి కాలవ వైపుకి వెళ్ళాడు. అక్కడ శౌరయ్య మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "తాతా, మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?"

ముసలాయన బటన్ల ఫోన్ తీసిచ్చాడు. "రాత్రి నుంచీ ఆ కేకలు వింటన్నాను బాబూ. మీరొచ్చాకైనా ఆగుద్దేమో అనుకున్నా. ఇంకో రెండు వినపడ్డాయి."

జోయెల్ తల వంచుకుని నంబరు నొక్కాడు.

*

ఉయ్యూరు నుంచి కబురు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. కుర్రాడు లొంగుతున్నాడు, ఇంకాసేపు కావాలని చెప్పి జోయెల్ ఛాయాదేవిని బయటే ఆపాడు. ట్యాంకర్ సిద్ధార్థ చెప్పిన చోటే, చెరుకు ట్రాక్టర్ల వెనకాల ఉంది. బాంబు స్క్వాడ్ కోసి చూసింది. అరలో ఏమీ లేదు. తొట్టినిండా కాలవ నీళ్ళు.

"మరి బాంబెక్కడ?" బసవపున్నయ్య గొంతు చిన్న ఫోన్‌లో గరగరలాడింది.

"ఇక్కడే చల్లగదిలో ఉంది సార్. బాంబు సిద్ధార్థే. ఛాయాదేవి వాళ్ళ మనిషి. నిన్న కాల్పులైన ఐదు నిమిషాల్లో స్కార్పియో ఎలా వచ్చింది? లాకెట్‌లో కెమెరా ఉంది, మనం కొట్టినప్పుడే తిరుగుతుంది. ఖైదీని హింసించే దేశానికి మనిషిని అప్పగించబోమని అక్కడి కోర్టులు అంటాయి. ఆ వీడియో ఇవాళ అక్కడ చూపిస్తారు. కాగితం మీద లేని మనిషి మన చేతుల్లో చచ్చాడంటే కమడోర్ కాలర్ ఎగరేసుకుని బయటికొస్తాడు. వీణ్ణి ఇవాళ సాయంత్రం దాకా బతకనివ్వరు సార్."

బసవపున్నయ్య నెమ్మదిగా అన్నాడు. "అయితే ఇవాళ మధ్యాహ్నం పట్టుకున్నట్టు మెమో రాయి. కోర్టులో పెట్టడానికి రేపటిదాకా టైముంటుంది. ఎప్పుడూ మనం చేసేది అదేగా."

"ఆవిడ దగ్గర నిన్న సాయంత్రం నుంచి వీడియో ఉంది, టైముతో సహా. మన కాగితం అబద్ధమైతే వాళ్ళ వీడియో నిజమైపోద్ది. సోమవారం నాలుగుంబావు అనే రాస్తాను. ఇరవై నాలుగు గంటలు నిండకుండా, ఇవాళ నాలుగుంబావు లోపల మేజిస్ట్రేట్ ముందుంటాడు."

"మరి నీ రెండు దెబ్బలు?"

"అవీ రాస్తాను."

"ఉద్యోగం పోద్దిరా."

"పోనీండి సార్."

"ఒరేయ్, స్టీఫెన్‌ని చంపించింది ఆవిడే. తుపాకి లాక్కోబోయిందని ఒక్క మాట రాస్తే ఎవరూ అడగరు." స్టీఫెన్ పెళ్ళికి బసవపున్నయ్యే సాక్షి.

జోయెల్ జవాబు చెప్పేలోపు లోపల కుర్చీ పడిన చప్పుడైంది.

అతను తలుపు తన్నుకుని దూకాడు. కింద పడ్డ సిద్ధార్థ మీదికి వంగి ఛాయాదేవి చిన్న పిస్టల్ గురిపెడుతోంది. జోయెల్ని చూసి ఆవిడ చెయ్యి తిప్పింది. గుండు అతని ఎడమ చెవి తమ్మెను ఎగరగొట్టుకుపోయింది. లోకమంతా ఒక్క గంట మోతైపోయింది. గోడకి వేలాడుతున్న ఐసు కొక్కెం అందుకుని విసిరాడు. వంపు తిరిగిన ఇనుము ఆవిడ ముంజేతిలో ఎముక దాకా దిగింది. రెండో గుండు పైకప్పు రేకులో పోయింది. జోయెల్ ఆవిడని గోడకేసి గుద్దాడు, పిస్టల్ కాలితో తన్నేశాడు. ఆవిడ గోళ్ళతో అతని తెగిన చెవి పట్టి లాగింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. మోకాలు ఆవిడ కడుపులో పెట్టి తొక్కాడు. ఊపిరందక ఆవిడ కుప్పకూలింది.

బయట గేటు దగ్గర ఆవిడ తెచ్చుకున్న మనుషులిద్దరూ ఉన్నారు. చల్లగది గోడలు మూడడుగుల మందం, ఆ లోపలి చప్పుడు అంతదూరం పోదు. శౌరయ్య మాత్రం తలుపులో నిలబడి ఉన్నాడు.

"కొక్కెం తియ్యకండి, రక్తం ఆగదు. ముందు గుడ్డ కట్టండి" అన్నాడు.

జోయెల్ అలాగే కట్టాడు. కట్టి, ఆవిడ రెండో చేతికీ కుర్చీకీ బేడీ వేశాడు. ఛాయాదేవి కళ్ళు తెరిచి నవ్వింది. పళ్ళ మీద రక్తం.

"స్టీఫెన్ సాయంత్రాలు నాతో టీ తాగేవాడు. నన్ను నమ్మాడు పాపం. ఆటోనగర్ సందు నేనే చెప్పాను వాళ్ళకి." గొంతు తగ్గించింది. "కొట్టు. లాకెట్ ఆన్‌లోనే ఉంది. కొట్టవయ్యా."

గడియారం మణికట్టు మీద చీమలా పాకుతోంది. జోయెల్ పిడికిలి దానంతటదే బిగుసుకుంది. సిమెంటు మీద సిద్ధార్థ పన్ను ఇంకా అక్కడే ఉంది. అతను దాన్ని చూశాడు. తర్వాత సంచీలోంచి కాగితాలు తీసి నేల మీద పరిచి రాయడం మొదలెట్టాడు. చెవి నుంచి కారే రక్తం అక్షరాల మీద పడకుండా తల పక్కకి వంచి రాశాడు.

రెండు అరెస్టు మెమోలు. ఒకదాని మీద సోమవారం సాయంత్రం నాలుగుంబావు, రెండోదాని మీద మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై.

"తాతా, ఈ ఊరి పెద్దమనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. ఇక్కడ."

శౌరయ్య కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని, తిరిగి పెట్టుకున్నాడు. "చదివి వినిపించండి."

"టైము లేదు తాతా. గేటు దగ్గర వాళ్ళున్నారు."

"నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు ఎస్సైగారు ఇట్టాగే తొందరపెడితే మధ్యవర్తిగా చదవకుండా సంతకం పెట్టాను. పదకొండుసార్లు కోర్టు మెట్లెక్కాను. నేను చూడని కత్తిని చూశానని ప్రమాణం చేసి చెప్పాను. చదవండి బాబూ. నింపాదిగా."

జోయెల్ చదివాడు. పేరు, తండ్రి పేరు, కారణం, వేళ. లాయర్ని పెట్టుకునే హక్కు. కుటుంబానికి కబురు. సిద్ధార్థ ఒంటి మీద ఉన్న దెబ్బలు ఒక్కొక్కటీ, అందులో రెండు తనవి. అది వినగానే శౌరయ్య తలెత్తి చూశాడు. ఆ తర్వాత ఛాయాదేవి కాగితం. అదీ అంతే మర్యాదగా, 'గారు' చేర్చి చదివాడు. లాకెట్ అంతా వింటోంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ముసలాయన మూడు చోట్ల సంతకం పెట్టాడు. "ఇవాళ గుణదల తిరునాళ్ళకి పోదామనుకున్నా. ఇప్పుడు ఒక అబద్ధం కూడా ఆడి పోతాను. అమ్మగారు అరగంట ఎవర్నీ లోపలికి రావద్దన్నారని ఆ గేటు దగ్గర వాళ్ళకి చెప్తా. మాతకి నేను చెప్పుకుంటాలే."

వెళ్తూ వెళ్తూ ఫోన్ సిద్ధార్థ చేతిలో పెట్టాడు. "మీ అమ్మకి చెయ్యరా."

విరగని వేళ్ళతో సిద్ధార్థ నంబరు నొక్కాడు. "అమ్మా... నేనేనే. బతికే ఉన్నానే. విజయవాడ కోర్టుకి రా." అటువైపు సుబ్బరత్నం ఏడుపు గదంతా వినిపించింది. ఛాయాదేవి మొహం తిప్పుకుంది.

*

ఐసు దిమ్మల్ని పడవల్లోకి జార్చడానికి కాలవ వైపు సిమెంటు వాలు ఉంది. దాని మీదుగా ఇద్దర్నీ కిందికి దించి, చెట్ల చాటున ఆపుకున్న మేత వ్యాన్‌లో ఎక్కించాడు జోయెల్. వేషం కోసం వ్యాన్ నిండా రొయ్యల మేత బస్తాలుంటాయి. వాటి మధ్య ఖైదీలిద్దరినీ పడుకోబెట్టి వ్యాన్‌ని కరకట్ట ఎక్కించాడు. ఒకటీ యాభై.

కరకట్ట సన్నం. ఎదురుగా చెరుకు ట్రాక్టర్లు ఉయ్యూరు వైపు బరువుగా వస్తున్నాయి. ఒక్కోదాన్నీ తప్పించడానికి ఒక చక్రం అంచు దాకా పోతోంది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర అద్దంలో నల్ల స్కార్పియో కనిపించింది.

తూటాల మొదటి జల్లు వెనక తలుపుల్ని జల్లెడ చేసింది. బస్తాలు చిరిగి మేత కారింది. వ్యాన్ నిండా చేపల కంపు, పొడి. మేత గుళికల్లోనే చాలా గుళ్ళు ఆగిపోయాయి. ఒకటి ఆగలేదు. ఛాయాదేవి అరిచింది.

"మీ వాళ్ళే కదమ్మా! మీరున్నారని తెలీదా?" సిద్ధార్థ అడిగాడు.

"తెలుసు" అంది ఆవిడ. ఆ మాటలో ఆశ్చర్యం కూడా లేదు.

మలుపులో చెరుకు ట్రాక్టర్ దాటగానే జోయెల్ బ్రేకు తొక్కి, దాని చాటున కిందికి దూకాడు. స్కార్పియో మలుపు తిరిగేసరికి అతను వ్యాన్ సీటు కింది పిస్టల్ పట్టుకుని రోడ్డు మధ్య ఒక మోకాలి మీద ఉన్నాడు. నాలుగు రౌండ్లు. ముందద్దం ఎర్రబడింది. డ్రైవరు తల స్టీరింగ్ మీద వాలింది. బండి అతని భుజాన్ని రాసుకుంటూ కట్ట మీంచి పల్టీ కొట్టింది, రెండు, మూడు, చెరుకు తోటలోకి. గడలు పెళపెళా విరిగాయి.

కిందికి దిగి చూశాడు. డ్రైవరు పోయాడు. రెండోవాడు డోరు కింద నడుం దాకా నలిగిపోయి ఉన్నాడు. తుపాకి అందని దూరంలో పడింది. "నీళ్ళు" అన్నాడు.

రెండూ ఇరవై. జోయెల్ దగ్గర రెండు నిమిషాలు లేవు. అయినా ట్రాక్టర్ డ్రైవర్ని కేకేశాడు. "అన్నా, వీడికి నీళ్ళు పట్టించు. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి. తుపాకి ముట్టుకోకు."

వ్యాన్‌లో ఛాయాదేవి తొడ నుంచి రక్తం బస్తాల్లోకి ఇంకుతోంది. జోయెల్ మెడలోని కంపెనీ తువ్వాలు తీసి గాయం పైన బిగించి కట్టాడు. ఇవే చేతుల్లో నిన్న స్టీఫెన్ పోయాడు. ముడి గట్టిగానే వేశాడు, కావలసినంతే.

"ఎందుకు?" అంది ఆవిడ.

"మీరు నా కస్టడీలో ఉన్నారు కాబట్టి."

*

ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ కృప ముగ్గురినీ వరసగా చూసింది. సిద్ధార్థ వేళ్ళకు చెక్కముక్కలు కట్టి, నోరు తెరిపించి, పెన్ను తీసింది.

"పన్ను ఎవరు ఊడగొట్టారు?"

"నేను" అన్నాడు జోయెల్. "ముక్కు మీదా నేనే. మిగతావి రాత్రివి, వేరేవాళ్ళవి."

ఆవిడ పెన్ను ఆపి అతని చెవి వైపు చూసింది. "ఈ ఇరవై ఏళ్ళలో పోలీసులంతా ఖైదీ మెట్ల మీంచి పడ్డాడనే చెప్పారు. ఇలా చెప్పినవాణ్ణి మిమ్మల్నే చూశాను. ఆ కాలమ్‌లో ఏం రాయాలో కూడా నాకు అలవాటు లేదు." అయినా రాసింది.

మూడూ నలభై ఎనిమిదికి ఛాయాదేవి వీల్‌చైర్‌తో సహా మేజిస్ట్రేట్ సాయిశ్రీ ముందున్నారు. అప్పటికే యూరప్‌లో విచారణ మొదలైంది. బసవపున్నయ్య ఫోన్‌లో అక్కడి లింకు పెట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మేజిస్ట్రేట్ మెమో చదివింది. మళ్ళీ మొదటికి వచ్చి చదివింది. "అరెస్టు నిన్న నాలుగుంబావుకా? ఇది ఇంకో ఇరవై ఐదు నిమిషాల్లో చట్టవిరుద్ధం అవుతుంది, తెలుసా?"

"తెలుసు మేడమ్. అందుకే పరుగెత్తుకొచ్చాం."

"పోలీసులంతా బయటికి వెళ్ళండి. ముద్దాయితో ఒంటరిగా మాట్లాడాలి."

తలుపు మూసుకుంది. వరండాలో సుబ్బరత్నం గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జోయెల్ ఆమె దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, మీ అబ్బాయిని నేను రెండు దెబ్బలు కొట్టాను. తప్పు చేశాను."

ఆమె అతని రక్తపు చెవినీ, మొహాన్నీ చూసింది. "నిన్నెవరు కొట్టారు నాయనా?" అంది.

నాలుగూ రెండు. బసవపున్నయ్య చెయ్యి ఊపాడు. "వీడియో వేశారు అక్కడ! నువ్వే ఉన్నావు తెర మీద. పన్ను ఊడటం కూడా కనపడుతోంది. కమడోర్ లాయర్ రెచ్చిపోతున్నాడు. ఇండియా ఇలాంటి మనుషుల్ని మాయం చేస్తుందంటున్నాడు. ఈ కుర్రాడు ఈపాటికి చచ్చి ఉంటాడంటున్నాడు!"

నాలుగూ ఆరు. "మన లాయర్ టైమడిగాడు. జడ్జి ఇవ్వనంటున్నాడు. తీర్పు చదవడానికి కాగితం తీశాడు."

తలుపు తెరుచుకుంది. మేజిస్ట్రేట్ ఆర్డరు మీద సంతకం పెడుతోంది. ఇద్దరికీ జ్యుడీషియల్ కస్టడీ. సిద్ధార్థకి చికిత్స. అతని ఫిర్యాదు మీద, డీఎస్పీ జోయెల్ ఒప్పుకోలు మీద కేసు నమోదు. రాత్రి కొట్టినవాళ్ళ మీద కూడా.

బసవపున్నయ్య ఫోన్‌తో నాలుగు పేజీలూ ఫొటో తీశాడు. మూడో పేజీ మసకొచ్చింది. మళ్ళీ తీశాడు. నాలుగూ తొమ్మిదికి పంపాడు.

ఇద్దరూ ఒకే ఫోన్‌కి తలలు ఆనించి విన్నారు. అక్కడ మన లాయర్ ఆర్డరు చదివి వినిపిస్తున్నాడు. చచ్చిపోయాడన్న మనిషి పది నిమిషాల క్రితం మేజిస్ట్రేటుతో ఒంటరిగా మాట్లాడాడని. తెర మీద కనపడిన రెండు దెబ్బలూ కొట్టిన అధికారి చేతిరాతలోనే ఉన్నాయని. అతని మీద అతని ప్రభుత్వమే కేసు పెట్టిందని.

జడ్జి ఒకే ప్రశ్న అడిగాడు. ఈ వీడియోలో దెబ్బల తర్వాతి భాగం ఏమైంది? కమడోర్ లాయర్ నీళ్ళు తాగాడు. జడ్జి అడిగాక పెట్టక తప్పలేదు. రక్తం కారుతున్న మనిషొకడు నేల మీద కూర్చుని, తన చెవి ఎగరగొట్టిన ఆవిడకి ఆవిడ హక్కులు చదివి వినిపించడం కోర్టు హాలంతా చూసింది. మధ్యలో శౌరయ్య గొంతు, నింపాదిగా చదవమని.

ముందు తీసిన తీర్పు కాగితాన్ని జడ్జి మడిచి పక్కన పెట్టాడు.

కమడోర్‌ని ఇండియాకి అప్పగిస్తున్నట్టు ప్రకటించేసరికి ఇక్కడ కోర్టు గడియారంలో నాలుగూ పద్నాలుగు.

*

గురువారం ఉదయం బసవపున్నయ్య సస్పెన్షన్ ఆర్డరు తనే స్వయంగా జోయెల్ ఇంటికి తెచ్చాడు. జోయెల్ చెవికి కట్టు, ముందు కాఫీ. స్టీఫెన్ సమాధి దగ్గరికి వెళ్ళొచ్చిన చెప్పులకి ఇంకా మట్టి.

"ఆవిడ మాట్లాడుతోంది" అన్నాడు పెద్దాయన. "లాయర్ని పక్కన పెట్టుకుని మరీ. సొంత మనుషులే కాల్చారన్న మంటో, నువ్వు కట్టిన తువ్వాలో నాకు తెలీదు. బైకు మీద వచ్చినవాడి పేరు కూడా చెప్పింది. స్టీఫెన్ భార్యకి నేనే చెప్పాను."

జోయెల్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "కమడోర్ ఎప్పుడు దిగుతున్నాడు సార్?"

"పై వారం. అదే ఇప్పుడు తలనొప్పి." బసవపున్నయ్య జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. "వాడి లాయర్ ఆ కోర్టులో ఆఖరి విన్నపం ఒకటి పెట్టుకున్నాడంట. ఇండియాలో దిగాక తన క్లయింటుని సస్పెండైన ఆ డీఎస్పీకే అప్పగించాలంట, వేరే ఎవరి మీదా వాళ్ళకి నమ్మకం లేదంట."